పెచ్చు ఊడిన ముందు పన్నుకి బాండింగ్ సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 33. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడితే పై వరుసలో ముందు పన్ను మూల కొంచెం విరిగింది. నొప్పి ఎప్పుడూ లేదు కాబట్టి పట్టించుకోలేదు. పక్క పన్నుతో పోలిస్తే అది కాస్త మసకగా ఉంటుంది. ఇప్పుడు రెండు ముందు పళ్ల మధ్య సన్నని సందు కూడా కనిపిస్తోంది. పాత ఫొటోల్లో అది అంత లేదు. ఆఫీసు వీడియో కాల్స్‌లో రోజంతా నా మొహం నేనే చూసుకోవాల్సి రావడంతో ఈ మధ్య నవ్వాలంటేనే ఇబ్బందిగా ఉంది. ఒక డాక్టర్ పై ఆరు పళ్లకూ వెనీర్లు (పన్ను ముందు భాగం మీద అతికించే పలచటి పింగాణీ పెంకులు) వేయించుకోమన్నారు. ఇంకొకరు బాండింగ్ (రెసిన్ అనే పన్ను రంగు పదార్థాన్ని పన్నుకి అతికించి మలచడం) చాలు, ఒక్క పూటలో అయిపోతుందన్నారు. బాండింగ్‌కి పన్ను అరగదీస్తారా? నొప్పి ఉంటుందా? ఎన్నేళ్లు ఉంటుంది? రంగు మారుతుందా? అది అయ్యాక పళ్లు తెల్లగా చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: విరిగిన మూల వరకే అయితే మీకు బాండింగ్ చాలు. ఆరు వెనీర్ల అవసరం నాకు కనిపించడం లేదు. మీ టెన్షన్ అంతా ఈ రెండింటిలో ఏది అన్న దగ్గరే ఉన్నట్టుంది కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగింది వేరే చోట. పన్ను మసకగా ఉంటుందన్నారు. సందు పాత ఫొటోల్లో అంత లేదన్నారు. చివర్లో ఇన్ని ప్రశ్నలు అడిగారు గానీ ఈ రెండింటి ఊసు ఎత్తలేదు. ఇవి తేలేదాకా ఆ పళ్ల మీద ఎవరూ ఏమీ అతికించకూడదన్నది నా అభిప్రాయం. బాండింగ్ చేసేస్తే ఇక ఈ రెండింటినీ ఎవరూ పట్టించుకోరు, అసలు చిక్కు అక్కడే.

ముందు రంగు సంగతి. పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. వేరు కొసన ఉన్న సన్నని రంధ్రం గుండా దానికి రక్తం అందుతుంది. గట్టి దెబ్బ తగిలి ఆ దారి తెగిపోతే గుజ్జు చచ్చిపోతుంది. అందుకు నొప్పి వచ్చి తీరాలని లేదు. ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా, పన్ను నెమ్మదిగా బూడిద రంగుకి తిరగడం ఒక్కటే గుర్తుగా ఉండొచ్చు. వేరు కొసన ఇన్ఫెక్షన్ చేరి చుట్టూ ఎముక తరిగిపోతున్నా మనిషికి తెలియకపోవచ్చు. అలాగని మసకబారిన ప్రతి పన్నూ చచ్చిపోయినట్టు కాదు. కొందరికి దెబ్బ తగిలిన తర్వాత లోపలి గొట్టం గట్టి పదార్థంతో కొద్దికొద్దిగా పూడుకుపోతుంది. ఆ పన్ను పసుపు ఛాయకి తిరుగుతుంది, కానీ బతికే ఉంటుంది. అలాంటి పన్నుకి చాలాసార్లు ఏ వైద్యమూ అక్కర్లేదు, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి గమనిస్తూ ఉంటే సరిపోతుంది.

మీది వీటిలో ఏదో కంటితో చూసి చెప్పేది కాదు. పన్నుకి చల్లదనం తగిలించి స్పందన ఉందో లేదో చూస్తారు, పక్క పళ్లతో పోల్చుకుంటారు, వేరు కొస దాకా కనిపించేలా ఒక చిన్న ఎక్స్‌రే తీస్తారు. గుజ్జు చచ్చిపోయిందని తేలితే ముందు రూట్ కెనాల్ చేయాలి, అంటే పన్నుకి రంధ్రం పెట్టి చచ్చిన గుజ్జుని తీసి, లోపలి గొట్టాన్ని శుభ్రం చేసి పూడ్చాలి. ఆ తర్వాత అదే రంధ్రంలో మందు పెట్టి పన్నుని లోపలి నుంచే తెల్లబరచవచ్చు. ఒంటరిగా నల్లబడిన పన్నుకి ఇది బాగా పనిచేసే పద్ధతి, ఎందుకో చాలామందికి దీని గురించి చెప్పనే చెప్పరు. ఇవన్నీ అయ్యాక బాండింగ్. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందంటే, పలచటి రెసిన్ పొర కింది నలుపుని కప్పలేదు. కప్పాలని మందంగా పెడితే ఆ పన్ను ఒక్కటే ముందుకి ఉబ్బినట్టు కనిపిస్తుంది.

ఇక సందు. చిన్నప్పటి నుంచీ ఉన్న సందు వేరు, ముప్పై దాటాక కొత్తగా వచ్చిన సందు వేరు. మొదటిదానికి పళ్ల సైజు, దవడ సైజు, పై పెదవిని చిగురుకి కలిపే కండ కిందికి దిగి ఉండటం లాంటివి కారణాలు. అది ఒక పోలిక, జబ్బేమీ కాదు. రెండోదానికి ముందుగా అనుమానించాల్సింది చిగుళ్ల జబ్బుని. పళ్లను పట్టి ఉంచే ఎముక లోపల తరిగిపోతే ముందు పళ్లు పట్టు తప్పి, నెమ్మదిగా ముందుకి జరుగుతూ విచ్చుకుంటాయి. వెనక పన్ను ఒకటి తీయించుకుని ఆ చోటు ఖాళీగా వదిలేసినా, నాలుకతో ముందు పళ్లను నెట్టే అలవాటు ఉన్నా సందులు రావచ్చు. బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తోందా, చిగురు కిందికి జారి పన్ను మునుపటి కంటే పొడుగ్గా కనిపిస్తోందా చూసుకోండి. డాక్టర్ దగ్గర సన్నటి కొలత పుల్లతో చిగురుకీ పన్నుకీ మధ్య లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే మామూలే, అంతకు మించి లోతుగా ఉంటే ఆలోచించాలి.

జరుగుతున్న పళ్ల మధ్య సందుని రెసిన్‌తో పూడిస్తే ఈ ఏడు ఇక్కడ మూసింది వచ్చే ఏడు పక్కన తెరుచుకుంటుంది. పైగా చిగురు వాచి, ముట్టుకుంటే రక్తం వచ్చే స్థితిలో బాండింగ్ అసలు నిలవదు. అతికే సమయంలో రక్తమో ఉమ్మో కాస్త తగిలినా పట్టు పోతుంది. చిగుళ్ల జబ్బే అయితే గార తీయించుకుని, దానికి తగ్గ వైద్యం పూర్తయ్యాకే అందం సంగతి. ఒక్కోసారి చిగుళ్లు కోలుకున్నాక సందు కొంత దానంతట అదే తగ్గుతుంది కూడా. పాత ఫొటోలు మరోసారి తీసి, పళ్లు కనిపించేలా నవ్విన వాటిని మాత్రమే పోల్చి చూడండి. సందు మొదటి నుంచీ ఉండి ఇప్పుడే మీ కంట పడిందేమో కూడా. వాటిలో రెండు మూడు డాక్టర్‌కి చూపిస్తే ఆయనకూ పని తేలికవుతుంది.

ఈ రెండూ సవ్యంగా ఉన్నాయనుకుని ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను.

బాండింగ్‌లో వాడేది కాంపోజిట్ రెసిన్. పుప్పిపన్నుకి పెట్టే తెల్ల ఫిల్లింగ్ పదార్థమే ఇది, సన్నటి గాజు, సిలికా రేణువులు కలిపిన ఒక రకం ప్లాస్టిక్. ఇది పన్నుకి అతుక్కోవడానికి 1955లో మైఖేల్ బ్యూనోకోర్ అనే అమెరికన్ దంతవైద్యుడు కనిపెట్టిన కిటుకు మూలం. పన్ను పైపొర ఎనామెల్‌కి కాస్త ఆసిడ్ రాసి కడిగేస్తే కంటికి కనిపించనంత సన్నని గుంటలు పడతాయి. నున్నటి గోడకి సిమెంట్ నిలవక మేస్త్రీలు గాట్లు పెడతారే, ఇదీ అలాంటిదే. ఆ గుంటల్లోకి దిగిన రెసిన్ గట్టిపడ్డాక అక్కడే పట్టుకుని ఉండిపోతుంది. అందుకే ఎనామెల్ దండిగా ఉన్న చోట బాండింగ్ గట్టిగా నిలుస్తుంది, వేరు పైభాగం బయటపడి ఎనామెల్ లేని చోట అంత నమ్మకంగా ఉండదు.

కుర్చీలో కూర్చున్నాక జరిగే పనుల్లో రంగు ఎంపిక అన్నిటికంటే ముందు జరగాలి. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోతుంది, ఆరిన పన్ను అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు రంగు చూసి పెడితే మర్నాటికి పన్ను మామూలు రంగుకి వచ్చేస్తుంది, రెసిన్ ముక్క మాత్రం తెల్లగా మిగులుతుంది. శ్రద్ధ ఉన్న డాక్టర్లు మీరు వెళ్లగానే పగటి వెలుతురులో రంగు చూస్తారు. అనుకున్న రెసిన్‌ని చిటికెడు పన్ను మీద పెట్టి, ఆసిడ్ రాయకుండానే గట్టిపరిచి చూసి, తర్వాత తీసేస్తారు. మీ డాక్టర్ ఈ పని చేయకపోతే అడిగి చేయించుకోండి. ముందు పన్ను మీద ఒకే రంగు రెసిన్ పూసి వదిలేస్తే సుద్దముక్కలా కనిపిస్తుంది. అసలు పన్ను లోపల పసుపుగా, అంచు దగ్గర కాస్త పారదర్శకంగా ఉంటుంది కదా, దానికి తగ్గట్టు లోపల ఒక రకం, పైన ఇంకో రకం వాడాలి.

తర్వాత పన్ను శుభ్రం చేసి, ఉమ్మి తగలకుండా రబ్బరు షీటుతోనో దూదితోనో అడ్డు పెడతారు. ఫాస్ఫారిక్ ఆసిడ్ జెల్ 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడిగేస్తారు. సన్నటి పొరగా జిగురు మందు రాసి నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఆపైన రెసిన్ పెట్టి మలుస్తూ, పొరకొకసారి లైటు వేస్తూ పోతారు. మామూలు రెసిన్ అయితే ఒక్కో పొర 2 మిల్లీమీటర్లు మించకూడదు, మించితే కాంతి అడుగు దాకా చేరక లోపల మెత్తగా ఉండిపోతుంది. గట్టిపడ్డాక ఆకారం సరిచేసి, రంగు కాగితం కొరికించి ఎక్కడైనా ఎత్తుగా తగులుతోందేమో చూసి, మెరుగు పెడతారు. ఒక్కో పన్నుకి అరగంట నుంచి గంట పడుతుంది. మెరుగు పెట్టే దగ్గర తొందరపడే వాళ్లుంటారు. గరుకుగా మిగిలిన రెసిన్ మీద మరకలు చాలా త్వరగా పడతాయి, కాబట్టి నాలుకతో తడిమి నున్నగా ఉందనిపించాకే కుర్చీ దిగండి.

నొప్పి విషయం పెద్దగా ఆలోచించకండి. ఇలాంటి చిన్న పనికి చాలాసార్లు మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. అరగదీయడం కూడా తక్కువే. విరిగిన అంచు దగ్గర అతుకు గీత కనిపించకుండా ఎనామెల్‌ని కాస్త ఏటవాలుగా చేస్తారు, సందు మూసే చోట పైపైన గరుకు చేస్తే సరిపోతుంది. బాండింగ్ వద్దనుకుంటే ఎప్పుడైనా తీసేసి పన్నుని మునుపటిలా చేయొచ్చని కొందరు గట్టిగా చెబుతారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. తీసేటప్పుడు ఎంతో కొంత ఎనామెల్ పోతుంది. వెనీర్‌తో పోలిస్తే మాత్రం అది లెక్కలోకి రానంత తక్కువ.

ఎన్నేళ్లు ఉంటుందంటే సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లు అంటారు. మూడేళ్లకే ఊడేవీ ఉన్నాయి, పదేళ్లు దాటినవీ ఉన్నాయి. మీ విషయంలో సందు మూయడానికి పక్కన పెట్టే రెసిన్ కంటే విరిగిన మూలకి పెట్టే ముక్కకే ప్రమాదం ఎక్కువ. కొరికేటప్పుడు బలం పడేది దాని మీదే. పై పళ్లూ కింది పళ్లూ అంచుకి అంచు తగులుతున్నా, నిద్రలో పళ్లు పటపట కొరికే అలవాటున్నా ఆ ముక్క నిలవడం కష్టం. పొద్దున లేవగానే దవడలు పట్టేసినట్టు ఉంటాయా, పళ్ల అంచులు అరిగి చదునుగా ఉన్నాయా అన్నది ముందే చూపించుకోండి. అలవాటుంటే రాత్రిపూట పెట్టుకునే గార్డ్ చేయించుకోవాలి. మిగతావి మీకు తెలియనివి కావు, మనం అలవాటుగా చేసేస్తుంటాం: గోళ్లు కొరకడం, పెన్ను నమలడం, దారం పళ్లతో తెంపడం, ప్యాకెట్ నోటితో చించడం. గట్టి పండుని ముందు పళ్లతో కొరికే బదులు ముక్కలు కోసుకుని తినండి. ఒకవేళ పెచ్చు ఊడినా కంగారు అక్కర్లేదు. మొత్తం తీయకుండా ఊడిన చోట మాత్రం మళ్లీ పెట్టొచ్చు.

రంగు మారుతుంది, ఇందులో దాపరికం లేదు. కాఫీ, టీ, సిగరెట్ మరకలు పింగాణీ మీద కంటే రెసిన్ మీద బాగా పడతాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ రోజుల తరబడి వాడినా గోధుమ రంగు మరకలు వస్తాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. పైపై మరకలు మెరుగు పెట్టిస్తే పోతాయి. అతుకు దగ్గర గోధుమ రంగు గీత లోపలికి దిగితే మాత్రం ఆ భాగం మార్చాలి. తెల్లబరుస్తామనే గరుకు పేస్టులు, బొగ్గు పొడులు వాడకండి, అవి మెరుగుని గీకేస్తాయి. బాండింగ్ అయిన మొదటి రెండు రోజులు కాఫీ, టీ మానేస్తే మంచిది.

పళ్లు తెల్లగా చేయించుకోవాలంటే అది బాండింగ్‌కి ముందే జరగాలి. బ్లీచింగ్ మందు పన్నుని తెల్లబరుస్తుంది కానీ రెసిన్ రంగుని మార్చలేదు. బాండింగ్ తర్వాత చేయించుకుంటే చుట్టూ పళ్లు తెల్లబడి, పెట్టిన ముక్క ఒక్కటి పాత రంగులో ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది. బ్లీచింగ్ అయ్యాక బాండింగ్‌కి రెండు వారాలు ఆగాలి. మందులోంచి విడుదలైన ఆక్సిజన్ కొన్నాళ్లు పన్నులో ఉండి రెసిన్ అతకకుండా అడ్డుపడుతుంది, పైగా పళ్ల కొత్త రంగు కుదుటపడటానికీ ఆ టైం కావాలి. గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా బ్లీచింగ్ వాయిదా వేసుకోండి.

సందు మూసే విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. సందు 1 మిల్లీమీటర్ అయితే చెరో పన్నుకి అర మిల్లీమీటర్ పెరుగుతుంది, ఎవరూ గుర్తుపట్టరు. అదే 2, 3 మిల్లీమీటర్లు ఉంటే రెండు ముందు పళ్లు పలకల్లా వెడల్పుగా తయారవుతాయి. అప్పుడు క్లిప్పులతోనో అలైనర్లతోనో (పళ్లకి తొడిగే పారదర్శక తొడుగులు) పళ్లను జరిపి, మిగిలిన కొద్దిపాటి సందుకి బాండింగ్ చేయడం మేలు. ఒక పన్నుకే రెసిన్ అంతా పెట్టి మూసేస్తామంటే ఒప్పుకోకండి, రెండూ ఒకే వెడల్పు ఉండాలి. మీ సందు సన్ననిదే అన్నారు కాబట్టి ఇంత దూరం రాకపోవచ్చు.

ఇప్పుడు ఆ ఆరు వెనీర్లు. పింగాణీ వెనీర్లు అందంగా ఉంటాయి, మరకలు పట్టవు, పది పదిహేనేళ్లు నిలుస్తాయి. కానీ వాటిని అతికించడానికి సాధారణంగా పన్ను ముందు భాగం 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా తీసేయాలి. పోయిన ఎనామెల్ మళ్లీ రాదు. 33 ఏళ్లకి వేయించుకుంటే జీవితంలో రెండు మూడు సార్లైనా మార్పించుకోవాల్సి వస్తుంది. చాలా పళ్లు లోతుగా రంగు మారిపోయినా, అరిగిపోయినా, పెద్ద పెద్ద ఫిల్లింగులు ఉన్నా వెనీర్లు సరైన వైద్యమే. మీ ఆరింటిలో సమస్య ఉన్నవి రెండు. మిగతా నాలుగింటికి ఏమైందని ఆ డాక్టర్‌ని మర్యాదగా అడగండి. ఆకారాలన్నీ కలవాలనో, రంగు తేడా రాకూడదనో ఆయన ఉద్దేశం కావచ్చు, వినండి. కానీ ఆరోగ్యంగా ఉన్న నాలుగు పళ్లను గీయడానికి ఆ కారణం మీకు సరిపోతుందా అనేది మీరే నిర్ణయించుకోవాలి. ముందు బాండింగ్ చేయించుకుని, పదేళ్ల తర్వాత వెనీర్లకి మారే దారి మీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వెనీర్లు వేశాక వెనక్కి రావడం కుదరదు.

వీడియో కాల్స్ గురించి కూడా ఒక మాట. ఫోన్, లాప్‌టాప్ కెమెరాలు దగ్గర నుంచి తీస్తాయి కాబట్టి మొహం మధ్యలో ఉన్నవి ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి. ఎంత మార్చాలో నిర్ణయించుకునే ముందు, ఎదుటి మనిషి నిలబడేంత దూరంలో అద్దం పెట్టుకుని మాట్లాడుతూ చూసుకోండి. డాక్టర్‌ని కూడా పన్ను మీద తాత్కాలికంగా ఆకారం చేసి చూపించమనండి. అతికించకుండా చేసేదే కాబట్టి నచ్చకపోతే అప్పటికప్పుడు తీసేస్తారు. బాండింగ్ నాణ్యత చాలావరకు చేసే చేతిని బట్టి ఉంటుంది. ఆయన ఇంతకుముందు చేసిన పళ్ల ఫొటోలు అడగండి, చేసిన రోజువి కాకుండా రెండు మూడేళ్ల తర్వాత తీసినవి ఉంటే ఇంకా మంచిది.

అయ్యాక ఫ్లాస్ వాడటం మానకండి. దారం ఆ సందులో సాఫీగా దిగాలి. పీచులుగా తెగుతున్నా, ఒకే చోట ఇరుక్కుంటున్నా చిగురు దగ్గర రెసిన్ అంచు మిగిలిపోయిందని అర్థం. దాన్ని వదిలేస్తే అక్కడ మురికి చేరి చిగురు వాస్తుంది. కొరికినప్పుడు ఆ పన్నే ముందు తగులుతున్నట్టు అనిపిస్తే ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లి సరిచేయించుకోండి, అలవాటవుతుందిలే అని ఆగితే ముక్క విరుగుతుంది. చల్లటివి తగిలితే కొద్ది రోజులు జివ్వుమనడం మామూలే. మొదటిసారి తీసిన ఎక్స్‌రే కాపీ అడిగి తెచ్చుకుని దాచుకోండి. దెబ్బ తిన్న పన్ను కాబట్టి ఇప్పుడు బాగానే ఉందని తేలినా తర్వాత మళ్లీ తీయాల్సి వస్తుంది, అప్పుడు ఏ డాక్టర్ చూసినా పోల్చుకోవడానికి ఆ పాతది కావాలి.